చీటీలో లేని కేబుల్

మా పెదనాన్న గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని అడగడానికి ఆయన కొడుకు శామీ మార్కమ్ నుంచి ఎటోబికోలోని మా ఇంటికి పనిగట్టుకుని వచ్చాడు. వచ్చే నెలలో ఆయన జ్ఞాపకార్థ కూడిక ఉందట, దానికి ఒక సావనీరు వేస్తున్నారట. చేతిలో ఫ్రేమ్ కట్టించిన ఫోటో ఒకటి ఉంది. అందులో పెదనాన్న తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని విమానం రెక్క మీద చెయ్యి వేసి, ఆ రెక్క తనకే మొలిచినట్టు నవ్వుతున్నాడు. పక్కన ఎవరిదో భుజం, సగం చెవి. ఆ సగం చెవి మా నాన్నది. విమానం కట్టినవాడిని కత్తిరించేసి, పక్కన నిలబడ్డవాడిని ఫ్రేమ్‌లో పెట్టారు.

"అక్కా, నువ్వు విమానం సాక్ష్యం రాయాలి. ఆ రోజు ఉన్నవాళ్ళలో నువ్వొక్కదానివే మిగిలావు కదా."

"ఏ సాక్ష్యం రా?"

"అదే అక్కా, డాడీ ప్రేయర్ చేసి చీటీలు వేయించడం, ప్రభువు కేబుల్ సెలెక్ట్ చేయడం, బాబాయ్ ప్లేన్ సేఫ్‌గా ఎగరడం. జస్ట్ టూ పేజెస్ చాలు. కొంచెం పాజిటివ్‌గా రాయి, ప్లీజ్."

"చీటీలు వేయించిన మాట నిజం. విమానం ఎగిరిన మాటా నిజం. ఆ రెంటినీ కలిపి కుట్టావు చూడు, ఆ కుట్టే అబద్ధం."

వాడు నవ్వేసి టీ తాగాడు. నా మాటని వయసు మీద పడ్డ ఆడమనిషి సణుగుడు కింద లెక్కేశాడని తెలుస్తూనే ఉంది. వాడి తప్పేం లేదు. ఇదంతా జరిగినప్పుడు వాడు ఊయలలో ఉన్నాడు. ఊహ తెలిసినప్పటినుంచి వాళ్ళ నాన్న నోటి నుంచి విన్నదే వాడికి వాక్యం. పియర్సన్ ఎయిర్‌పోర్టులో దిగే విమానమొకటి మా కప్పు మీదుగా వెళ్తుంటే మాట ఆపి, అది దాటాక, "రాస్తాను. కానీ మీ పుస్తకంలో వేసుకునేలా ఉండదు" అని చెప్పి పంపించాను. ఇది అదే.

నేను విశ్వాసిని. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి, చదువుకున్న పిల్ల కాబట్టి దేవుణ్ణి వదిలేసిందని అనేవాళ్ళు మా సంఘంలో ఇంకా ఉన్నారు. మోకాళ్ళూనకుండా నేను పొయ్యి వెలిగించిన రోజు లేదు. నా కోపం దేవుడి మీద కాదు. ఆయన పేరు చెప్పి తమ బద్ధకాన్నీ తమ పంతాన్నీ నెగ్గించుకునేవాళ్ళ మీద. ఆ కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు, చల్లార్చమని నేనెప్పుడూ ప్రార్థించలేదు కూడా.

కెనడా మైదానాల మధ్య, నేను పెరిగిన రెజైనాలో మా ఇల్లు రెండు వాసనల ఇల్లు. ఒకటి అమ్మ వంట వాసన. చలికాలంలో ఇడ్లీ పిండి పులవదని ఆవిడ గిన్నెని పాత దుప్పటిలో చుట్టి బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన పెట్టేది, చంటిబిడ్డని చూసొచ్చినట్టు మధ్యమధ్యలో వెళ్ళి చూసొచ్చేది. రెండోది డోప్ వాసన. విమానం రెక్కల మీద కప్పిన గుడ్డ డోలు చర్మంలా బిగుసుకోవడానికి పూసే వార్నిష్ అది. నాన్న గరాజ్‌లో పూస్తే ఆ వాసన తలుపు సందుల్లోంచి వంటింట్లోకి వచ్చి చారులోనూ పెరుగులోనూ కూర్చునేది. ఆదివారం సంఘానికి కట్టుకెళ్ళే అమ్మ తెల్ల చీరలకీ అదే కంపు. సిస్టర్లు పక్కకి జరిగి కూర్చునేవారు. "మీ ఆయన ఆకాశానికి వెళ్ళేలోపు మమ్మల్ని పంపించేలా ఉన్నాడు" అని ఒకావిడ అంటే అమ్మ సిగ్గుపడుతూ నవ్వి, ఇంటికొచ్చాక ఏడ్చింది. నాన్నకి మాత్రం చెప్పలేదు. ఆయనకి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క సరదా అది.

నాన్న ప్రభుత్వ ఆఫీసులో భూముల రికార్డులు చూసేవాడు. సాయంత్రం వచ్చి కోటు విప్పి, భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన పెట్టి, ఆమేన్ అన్న నోటితోనే "కరుణా, ఆ లైటు పట్టుకురామ్మా" అని గరాజ్‌లోకి నడిచేవాడు. ఫ్లయింగ్ క్లబ్‌లో లైసెన్సు తీసుకున్నాడు, ఎవరో తయారుచేసి అమ్మే డ్రాయింగులు తెప్పించుకున్నాడు, చెక్కా గొట్టాలూ గుడ్డా పోగేసి ఒక్కొక్క ముక్కే చేసుకుంటూ వచ్చాడు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచడం ఎరగడు. ఆయన నెమ్మది నాకు ప్రాణం, ఆ నెమ్మదే నాకు ఒళ్ళు మంట కూడా, ఎందుకంటే అదంతా అన్నగారి కాళ్ళ దగ్గర పరిచి పెట్టేవాడు.

పెదనాన్న మా రెజైనా తెలుగు సంఘానికి పెద్ద. మా తాతా నాయనమ్మా త్వరగా పోతే నాన్నని పెంచింది, చదివించింది, స్పాన్సర్ చేసి కెనడా తెచ్చుకుంది ఆయనే. ఇందులో ఏదీ నేను కాదనను. కానీ ఆ పెంపకాన్ని రోజూ ముద్దముద్దకీ గుర్తుచేసి వడ్డించేవాడు. మా ఇంటికొస్తే నాన్న కుర్చీలో కూర్చునేవాడు. మా అన్నం ఆయన ఆశీర్వదించాలి, మా కారు రంగు ఆయన చెప్పాలి. గరాజ్‌లో విమానం ఒక ఆకారానికి రాగానే అదీ ఆయనదైపోయింది. "ఇది నీ సరదాకి కాదు తమ్ముడూ. ఉత్తరాన రోడ్లు లేని ఊళ్ళున్నాయి. ఇది సువార్త విమానం" అని సంఘంలో ప్రకటించేశాడు. ఒక్క మనిషి కోసం గీసిన విమానంలో రెండో సీటు పెట్టించాడు, తాను కూర్చోవడానికి. రెండో మనిషి బరువుకి చాలదని ఇంజిను ఇంకాస్త పెద్దది వచ్చింది.

ఇప్పుడు కేబుళ్ళ సంగతి చెప్పాలి. ఆ విమానం రెక్కలు వాటంతట అవి నిలబడవు. పందిరికి తాళ్ళు కట్టినట్టు పైనుంచి కొన్ని, కింద నుంచి కొన్ని ఉక్కు కేబుళ్ళు వాటిని పట్టుకుంటాయి. నేల మీద ఉన్నప్పుడు రెక్కలు వాలిపోకుండా పైవి ఆపుతాయి. గాల్లో ఉన్నప్పుడు రెక్కలు పైకి మడుచుకుపోకుండా కిందివి ఆపుతాయి. అంటే ఎగిరేటప్పుడు మనిషి ప్రాణం వేలాడేది ఆ కింది కేబుళ్ళ మీద. డ్రాయింగులో అవి రెక్క నుంచి బాగా కిందికి, చక్రాల దగ్గరికి దిగాయి. పెదనాన్న ఒక ఆదివారం భోజనం చేసి వచ్చి కొత్త సీటులోకి ఎక్కబోతే ముందు కేబుల్ ఆయన పొట్టకి అడ్డం తగిలింది. "ఏంట్రా ఇది, మేకల దొడ్డిలోకి దూరినట్టు దూరాలా?" అన్నాడు. ఆ వారంలోనే నాన్న ఆ కేబుల్ కింది కొసని చక్రాల దగ్గర నుంచి తీసి, విమానం పొట్ట అంచుకి, పైకి మార్చేశాడు. పెదనాన్న సులువుగా ఎక్కాడు, సులువుగా దిగాడు, స్తోత్రం అన్నాడు.

నేనప్పుడు యూనివర్సిటీలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. కేబుల్ నిటారుగా ఉంటే మోయాల్సిన బరువుకి దగ్గరగానే దాని మీద లాగుడు ఉంటుంది. వాలుగా, బల్లపరుపుగా పడుకునే కొద్దీ అదే బరువుకి లాగుడు రెట్టింపూ, ఆపైనా అవుతుంది. మొదటి సెమిస్టర్‌లో చెప్పే పాఠం ఇది. రెండో సీటు, పెద్ద ఇంజిను బరువు పెంచాయి, పెదనాన్న పొట్ట కేబుల్‌ని పడుకోబెట్టింది. నేను ప్రార్థన చేసుకుని, లెక్క మొదటి నుంచీ కట్టాను. డ్రాయింగులో ఉన్న సన్న కేబుల్, అంగుళాల లెక్కలో అందరూ త్రీ బై థర్టీటూ అనేది, అసలు పనికిరాదు. దానికన్నా ఒక సైజు పెద్దది, వన్ బై ఎయిట్, మంచి వాతావరణంలో ఆగుతుంది, గాలి దెబ్బ గట్టిగా తగిలితే ఆగదు. అదీ కాదు, ఆ పైది, ఫైవ్ బై థర్టీటూ కావాలి. అంత లావు కేబుల్‌కి కొసల్లో పట్టే ఉక్కు బిళ్ళలూ పిన్నులూ కూడా పెద్దవి కావాలి. అంటే నాన్న చలికాలమంతా కూర్చుని కోసి, అరగదీసి, రంధ్రాలు పెట్టిన బిళ్ళలన్నీ పక్కన పడేసి మళ్ళీ చేయాలి.

భోజనాల దగ్గర చెప్పాను. నాన్న అన్నం కలపడం ఆపి కాగితం చూశాడు. ఆయనకి అర్థమైంది, కళ్ళలో తెలిసింది. కానీ అన్నగారు ఈస్టర్ ఆదివారం నాడు విమానానికి ప్రతిష్ఠ ప్రార్థన అని అప్పటికే ప్రకటించేశాడు.

"బిళ్ళలు మళ్ళీ చేయాలంటే ఎండాకాలం దాటిపోతుందమ్మా" అన్నాడు.

"దాటనీ."

"అన్నయ్య అందరికీ చెప్పేశాడే."

ఆ "చెప్పేశాడే" అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో పుండులా సలుపుతుంది. పెదనాన్న వచ్చినప్పుడు ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలని బేస్‌మెంట్‌లో బట్టలారేసే తాడు దగ్గరికి తీసుకెళ్ళాను, నాన్నా అమ్మా వెనకే దిగారు. తాడుని వదులుగా కట్టి మధ్యలో నీళ్ళోడుతున్న దుప్పటి వేశాను, తాడు కిందికి వేలాడింది, ఊరుకుంది. తర్వాత అదే తాడుని బల్లపరుపుగా బిగించి అదే దుప్పటి వేశాను, గోడలో మేకు ఊడి వచ్చింది. "చూశారా పెదనాన్నా, దుప్పటి అదే, తాడు అదే. మారింది వాలు మాత్రమే" అన్నాను. ఆయన ఊడిన మేకు వంకా నా వంకా చూసి, "ఇంట్లో మేకు కూడా సరిగ్గా కొట్టలేకపోయావేంట్రా తమ్ముడూ" అన్నాడు. అమ్మ ఆ తడి దుప్పటి తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తేలని విషయం వస్తే ప్రార్థన చేసి చీటీలు వేస్తారు. ఇల్లు కొనాలా వద్దా, పిల్లకి ఈ సంబంధమా ఆ సంబంధమా, ఏది తీస్తే అది ప్రభువు మాట. నేను దాన్ని వెక్కిరించను. లేఖనాల్లో చీట్లు వేసినవాళ్ళున్నారు. కానీ వాళ్ళు సరిసమానమైన ఇద్దరు మనుషుల్ని నిలబెట్టి ఆ మీదట చీటీ వేశారు. ఒక వంతెన ఎంత బరువు మోస్తుందో తెలుసుకోవడానికి వేయలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పెదనాన్న స్టీలు గిన్నె తెప్పించి, "మా తమ్ముడి ఇంట్లో కేబుల్ గురించి చిన్న కలత ఉంది. ప్రభువునే అడుగుదాం" అన్నాడు. రెండు చీటీలు రాసింది నాన్న. ఒకదాని మీద త్రీ బై థర్టీటూ. ఇంకోదాని మీద వన్ బై ఎయిట్. అప్పటికే ఉన్న బిళ్ళలకి పట్టేవి ఆ రెండే. మూడోది రాయమని నేను వెనక వరసలో నిలబడి అడిగాను. "కూర్చోమ్మా, ఇది క్లాసు కాదు" అన్నాడు పెదనాన్న, మంచులో తడిసిన బూట్ల వాసనతో నిండిన ఆ హాలులో కొందరు నవ్వారు.

ఎక్కేవాడే తీయాలని నాన్న చేతే తీయించారు. వన్ బై ఎయిట్ వచ్చింది. పెదనాన్న మొదటి నుంచీ సన్నదే చాలని వాదించినవాడు. చీటీ చదవగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "నేను ఓడిపోయాను, ప్రభువు గెలిచాడు" అన్నాడు. హాలంతా లేచి నిలబడింది. పెద్దాయన అందరి ముందూ తలవంచాడని, అంతకన్నా రుజువేం కావాలని మురిసిపోయారు. ఆ పాత్ర ఆయనకి ఎంత బాగా కుదిరిందంటే ఇంక ఆ చీటీని ఎవరూ ప్రశ్నించలేరు. నాకు మాత్రం ఒకటే కనపడింది. సరైన జవాబు గిన్నెలోనే లేదు. రెండు తప్పుల్ని మడిచి గిన్నెలో వేసి, ఇందులో నీ చిత్తమేదో చూపించమని సృష్టికర్తని అడిగారు. ఆయన ఏది చూపించినా మనం చచ్చేదే చూపించాలి.

నాన్న ఆ వారంలోనే వన్ బై ఎయిట్ కేబుళ్ళు కోసి, కొసలు మడిచి, మడత మీద రాగి గొట్టం ముక్కలు పెట్టి నొక్కి, బిగించేశాడు. శామీ తెచ్చిన ఫోటో ఆ రోజుల్లోదే. రైతు దగ్గర అద్దెకి తీసుకున్న ట్రాక్టర్ల షెడ్డులోకి విమానాన్ని మార్చి, రెక్కలు తగిలించి, ఈస్టర్ ప్రతిష్ఠ ముగించాక తీసింది. నేలలో మంచు ఇంకా కరగలేదు కాబట్టి ఎగరడం ఒక్కటే వాయిదా పడింది. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసే రోజు ఉందని నాన్న గుర్తుచేస్తే పెదనాన్న, "ఆయన సంతకం పెడతాడు, కాపాడేవాడు వేరే ఉన్నాడు" అని కొట్టిపారేశాడు.

నేను అడిగింది ఒక్కటే. ఎగరకముందు రెక్కలకి బరువు పెట్టి చూద్దాం. ఇంట్లో విమానాలు కట్టేవాళ్ళు చేసే పనే ఇది. విమానాన్ని తలకిందులు చేసి స్టాండ్ల మీద ఆనించి, రెక్కల మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. గాలి పైకి తోసే బలం బదులు ఇసుక కిందికి తోస్తుంది. కేబుళ్ళ మీద పడే లాగుడు మాత్రం అదే. ఈ మాట విన్న రోజు పెదనాన్న మా వంటింట్లో నిలబడి టేబుల్ మీద గుద్దాడు.

"ప్రభువు చెప్పాక మళ్ళీ పరీక్ష పెడతావా? దేవుణ్ణి శోధించకూడదని నీకు ఎవరూ నేర్పలేదా?"

"మీరే నేర్పారు, సండే స్కూల్లో. ప్రభువుని గుడి శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని చెప్పింది ఎవరో కూడా మీరే నేర్పారు. దూకకముందు ఎత్తు చూసుకోవడాన్ని శోధించడం అనరు పెదనాన్నా. చూసుకోకుండా దూకమనడాన్నే అంటారు."

"నన్ను సాతానంటున్నావా?"

"ఆ మాట నేననలేదు. వరస మీరే కలుపుకున్నారు."

నాన్న "కరుణా!" అని అరిచాడు. నా మీద ఆయన అరవడం అదే మొదటిసారి. పెదనాన్న కోటు తీసుకుంటూ, "ఇంజనీరింగ్ చదివించి పిల్లకి రెక్కలు తొడిగావు. ముందు వాటికి కట్టు కేబుల్" అన్నాడు. అప్పుడు అమ్మ, పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడ్డ అమ్మ, బావగారి ముందు ఏ రోజూ నోరు విప్పని అమ్మ, పోపు మాడుతుంటే మాడనిచ్చి, "బావగారూ, మొదటి రోజు మీరు కూడా ఎక్కుతారా ఆయనతో?" అంది.

పెదనాన్న కోటు గుండీ తప్పు కాజాలో పెట్టి, విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. "మొదటిసారి ఒక్కడే ఎగరాలని రూలు" అన్నాడు.

"రూలు సంగతి నాకు తెలీదు. రూలు లేకపోతే ఎక్కేవారా అని అడిగాను."

ఆయన వెళ్ళిపోయాడు. నాన్న నా వైపు చూడకుండానే, "శనివారం బస్తాలు పెడదాం. అన్నయ్యని కూడా రమ్మంటాను. ఆయన లేకుండా చేస్తే దొంగతనం చేసినట్టుంటుంది" అన్నాడు.

సంఘం భోజనాలకి వాడి దాచిన ఖాళీ బియ్యం సంచుల్లో ఇసుక నింపి, కాటా మీద తూచి, నోళ్ళు కుట్టాం. కుట్టింది అమ్మ, గోనె కుట్టే సూదితో, చలికి వేళ్ళు పగిలి నెత్తురొస్తున్నా. షెడ్డులో విమానం వెల్లకిలా పడ్డ పక్షిలా ఉంది. పెదనాన్న వచ్చాడు, గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాన్నా నేనూ రెండు రెక్కల మీదా సమానంగా ఒక్కొక్క వరస పేరుస్తూ వచ్చాం. ఒక్కో వరసకీ కేబుల్ శబ్దం మారుతుంది. మొదట గుసగుసలాడినట్టుంటుంది, తర్వాత సన్నగా మూలుగుతుంది. విమానం మామూలుగా మోసే బరువుకి ఎన్నో రెట్లు, మామూలు గాలిదెబ్బల బరువుతో సహా పెట్టాక కూడా అది నిలిచింది. పెదనాన్న గోడ దగ్గర నుంచి ముందుకొచ్చి, చేతులు పైకెత్తి, "స్తోత్రం! దించండి ఇంక" అన్నాడు.

"ఇంకో వరస ఉంది" అన్నాను.

"అదెందుకు?"

"జాగ్రత్త కోసం వదిలే వరస అది. రాగి గొట్టం సరిగ్గా నొక్కకపోయినా, ఒక పోగు తుప్పు పట్టినా, మనం అనుకున్నదానికన్నా గాలి గట్టిగా కొట్టినా, మనిషి బతకడానికి వదిలే వరస. అది లేకుండా ఎవరూ లెక్క కట్టరు."

"ఆకాశంలో నీ వరస ఎవడు పెడతాడే?"

"రెజైనాలో గాలి సంగతి మీకు నేను చెప్పాలా?"

నాన్న బస్తా ఎత్తి భుజాన పెట్టుకుని రెక్క దగ్గరికి నడిచాడు. నేను రెండో రెక్క మీద నా బస్తా పెట్టాను. ఆయన తన బస్తా దించి, చెయ్యి ఇంకా తీయకముందే, తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చింది. ముందు కేబుల్ తెగి, దాని కొస ఆయన నెత్తి మీద టోపీని ఎగరగొట్టి వెళ్ళి షెడ్డు రేకుకి తగిలింది. రెక్క ఒరిగి స్టాండ్ మీద పడింది, బస్తాలు జారి ఒకదాని మీద ఒకటి దొర్లాయి. అమ్మ నాన్న దగ్గరికి పరుగెత్తి ఆయన తలంతా రెండు చేతులతో తడుముకుంది. నెత్తురు లేదు. నేను ఉన్నచోటే మోకాళ్ళ మీద పడి స్తోత్రం చేశాను. ఆ షెడ్డులో ఆ రోజు దేవుడు మాట్లాడింది అప్పుడే. చీటీలో కాదు.

పెదనాన్నకి కళ్ళముందు తెగిన కేబుల్ కనపడలేదు. నేను కనపడ్డాను. "నీ చివరి బస్తాతో ప్రభువు మాటని తెంపావు. నీ పంతం తెంపింది దాన్ని" అన్నాడు. నాన్న కింద పడ్డ టోపీ తీసి దుమ్ము దులుపుకుంటూ, "అన్నయ్యా, కేబుల్ మారుస్తాను. బిళ్ళలూ మారుస్తాను" అన్నాడు.

"మార్చుకో. మార్చిన రోజు నుంచి నన్ను అన్నా అని పిలవకు."

బెదిరింపు అనుకున్నాం. కాదు. నాన్న వేసవంతా కూర్చుని ఫైవ్ బై థర్టీటూకి కొత్త బిళ్ళలు చేశాడు, విరిగిన రెక్క బాగుచేశాడు, అదే వరసతో సహా మళ్ళీ బస్తాలు పెట్టాం, ఆగింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్ళాడు. కోతల తర్వాత ఒక పొద్దున గోధుమ మోళ్ళ మీదుగా నాన్న ఒక్కడే ఎగిరి, రెండు చుట్లు తిరిగి, దిగాడు. దిగి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళాడు. నన్ను దాటుకుని. అప్పటికే పెదనాన్న సంఘాన్ని చీల్చి, సగం కుటుంబాలతో వేరే చోట కూడికలు పెట్టుకున్నాడు. విమానం ఎగిరిందన్న కబురు ఆయన చెవిన పడ్డ వారమే అక్కడ సాక్ష్యం చెప్పాడట. చీటీ తీయడం, ప్రభువు మాట, ఎగరడం. తెగిన కేబుల్ లేదు. మారిన కేబుల్ లేదు. ఆ ఫోటోలో ఆయన చెయ్యి పెట్టి నవ్వుతున్న రెక్కని పట్టుకుని ఉన్నది ఆ తర్వాత తెగిన కేబులే అని శామీకి ఎవరు చెప్తారు?

ఇప్పుడు ఇక్కడి మా సంఘం చాలా పెద్దది. స్క్రీన్లున్నాయి, లైవ్ ఉంది, బాప్తిస్మం కూడా యూట్యూబ్‌లో చూసుకోవచ్చు. తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ వచ్చిన పిల్లలు చలికి ముక్కులు తుడుచుకుంటూ మా ఇంట్లో అన్నం తిని వెళ్తుంటారు. మొన్నొక అమ్మాయి, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు చేస్తూ చదువుకునే పిల్ల, "ఆంటీ, ఇక్కడే ఉండి పీఆర్‌కి ట్రై చేయమని ఒక ఏజెంటూ, రెజైనా షిఫ్ట్ అవమని ఇంకో ఏజెంటూ అంటున్నారు, ఏది చేయను? చీటీలు వేసిపెట్టరా?" అని అడిగింది. ప్రార్థన మాత్రం చేశాను. చేసి, "నీకు ఆ ఇద్దరు ఏజెంట్లు చెప్పిన రెండే కాకుండా ఇంకేం దారులున్నాయో ముందు కనుక్కుని రా" అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. గిన్నె తెస్తే సంతోషించి ఉండేది. మనుషులు మారలేదు, వసతులు మారాయి. అప్పుడు తెలియక చేసినవాళ్ళని కనీసం తెలియదని అనుకోవచ్చు. ఇప్పుడు ఫోనులో లోకమంతా పెట్టుకుని కూడా ఎవరో ఒకరు పైనుంచి చెప్తే చాలనుకునేవాళ్ళని చూస్తే నాకు జాలి రాదు, కోపమే వస్తుంది. ఆ కోపంలో కొంత పాతది.

పెదనాన్న మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. నా పెళ్ళికి రాలేదు. పాస్టర్ గారు ప్రమాణాలు చేయిస్తుంటే నాన్న నా పక్కన నిలబడి తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు. ప్రతి ఈస్టర్‌కీ అన్నకి ఫోన్ చేసేవాడు, అవతల పెట్టేసేవారు. నాతో మాట్లాడటం నాన్న పూర్తిగా మానేయలేదు, కానీ మాటలు కొలిచి పోసేవాడు. వచ్చావా, తిన్నావా, రోడ్లు బాగున్నాయా. ఒకే ఒక్కసారి, ముసలితనంలో మా ఇంట్లో ఉన్నప్పుడు, అడగకుండానే ఎత్తాడు.

"నీ లెక్క తప్పని నేనెప్పుడూ అనలేదు."

"తెలుసు నాన్నా."

"ఆ చివరి వరస అన్నయ్య వెళ్ళిపోయాక పెట్టి ఉండాల్సింది. ఆయన చూస్తుండగా తెగింది. నాకున్నది ఒక్కడే అన్న."

"ఆయన చూడకపోతే, తెగలేదనే చెప్పేవాడు. మీరు నమ్మేవారు."

నాన్న మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. క్షమించానన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు, నేనూ అడగలేదు. అడగడానికి నేను చేసిన తప్పేంటో నాకు ఈ రోజుకీ తెలియదు. శామీ పుస్తకంలో రాయాల్సిన సాక్ష్యం నా దగ్గర ఉన్నది ఒక్కటే. మా నాన్న ఆ విమానాన్ని కళ్ళు ఆనినంత కాలం నడిపాడు. ఆ తర్వాత కర్ర పట్టుకుని నడిచాడు. నా పిల్లల్ని ఎత్తుకున్నాడు, అమ్మని సాగనంపాడు, చివరికి తన మంచం మీద, తెల్ల దుప్పటి కింద, తన వంతు వచ్చినప్పుడే వెళ్ళాడు. అన్నేళ్ళూ నా మీద కోపంగానే ఉన్నాడు. అన్నేళ్ళు కోపంగా ఉండటానికి బతికున్నాడు.